ఆ మాత్ర ఇంకా కావాలా?

పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్న పెద్దాయనకు సాయంత్రమయ్యేసరికి గదిలో పిల్లలెవరో ఆడుకుంటున్నట్టు కనిపిస్తారు. అక్కడ ఎవరూ లేరని ఆయనకూ తెలుసు, భయం లేదు. అయినా ఇంట్లోవాళ్లు కంగారుపడతారు, భ్రమలను అణిచే మందు మొదలవుతుంది. కొన్ని వారాలకు ఒళ్లు బిగుసుకుపోయి నడక పడిపోతుంది. జబ్బు ముదిరిందనుకుంటారే తప్ప మందు మీదికి అనుమానం వెంటనే పోదు.

చిక్కంతా కదలికలను నడిపే మెదడు రసాయనం డోపమైన్ దగ్గరుంది. ఈ జబ్బులో మెదడులో అది తగ్గిపోతుంది, లెవోడోపాతో భర్తీ చేస్తారు. భ్రమలను అణిచే మందుల్లో చాలావరకు అదే డోపమైన్‌కు అడ్డుపడతాయి. హాలోపెరిడాల్‌తో పాటు రిస్పెరిడోన్, ఒలాంజపిన్ కూడా ఈ రోగులకు చేటే. ఆసుపత్రిలో రాత్రిపూట కలవరపడే రోగికి అలవాటుగా హాలోపెరిడాల్ ఇచ్చేస్తుంటారు. అందుకే జబ్బు పేరు కేస్‌షీటు మీద కొట్టొచ్చినట్టు కనబడాలి.

క్లోజపిన్ తక్కువ మోతాదులో కదలికలను చెడగొట్టకుండానే భ్రమలను తగ్గిస్తుందని 1999లో వచ్చిన పరీక్షలు చూపించాయి. కానీ అరుదుగా తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి కాబట్టి తరచూ రక్తపరీక్ష తప్పదు. ఆ బాధ లేదని క్వెటియాపిన్ ఎక్కువగా రాస్తారు, అయితే అది పనిచేస్తుందనడానికి ఆధారాలు బలహీనం. డోపమైన్ జోలికి పోని పిమావాన్సెరిన్‌ను అమెరికా 2016లో అనుమతించింది. దానికి గుండె లయ మీద ఓ కన్నేసి ఉంచాలి.

మతిమరుపు జబ్బు ఉన్న వృద్ధుల్లో ఈ తరహా మందులు మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే హెచ్చరించింది. పార్కిన్సన్స్ ఉన్న మాజీ సైనికుల మీద అక్కడే జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో, ఇవి మొదలుపెట్టినవారిలో ఆరు నెలల్లో మరణాల ముప్పు రెండింతలకు పైగా కనిపించింది. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకే మందు ఇచ్చి ఉంటారన్న వాదనలో కొంత నిజముంది. అంతమాత్రాన ఆ అంకెను పక్కన పెట్టేయలేం.

మందే వద్దనడం నా ఉద్దేశం కాదు. అన్నంలో విషం కలిపారని తినడం మానేసిన మనిషికి, భార్యను అనుమానించి రాత్రంతా వేధించే మనిషికి మందు నిరాకరించడం క్రూరత్వం. దిగులుకు వైద్యం చేయకపోవడమూ అంతే. కానీ ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం లాంటివి చూడాలి. వణుకుకు వాడే ట్రైహెక్సిఫెనిడిల్ లాంటివే బుర్రను గందరగోళపెడుతున్నాయేమో చూసి, మెల్లగా తగ్గించాలి. లెవోడోపాను మాత్రం ఇంట్లో ఎవరూ సొంతంగా ఆపకూడదు. ఉన్నట్టుండి ఆపితే తీవ్ర జ్వరం, బిగుతుతో ప్రాణం మీదికి రావచ్చు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మందు మొదలుపెట్టడం కాదు, మొదలుపెట్టాక మరిచిపోవడం. గడ్డురోజుల్లో రాసిన మాత్ర ఆ రోజులు గడిచాక కూడా చీటీలో పేరుకుపోతుంది. మొదటి చీటీ మీదే మళ్లీ చూడాల్సిన తేదీ రాయించుకోవాలి. ఈలోగా ఎన్నిసార్లు పడ్డారో, మింగడం కష్టమైందో, పగలు మత్తుగా ఉంటున్నారో ఇంట్లోవాళ్లు ఓ పుస్తకంలో రాసిపెట్టాలి. పావుగంట చూసే డాక్టరుకు ఆ సంగతులు మరోలా తెలియవు.