ఆపరేషన్‌కు ఆర్భాటం, ఆపై మౌనమా?

ప్రపంచంలోనే తొలి పాక్షిక ముఖమార్పిడి, అంటే చనిపోయిన దాత ముఖంలో కొంత భాగాన్ని అమర్చడం, 2005 నవంబర్ 27న ఫ్రాన్స్‌లోని అమియెన్స్‌లో ఇజబెల్ దినోయిర్‌కు జరిగింది. వారం తిరగకముందే వైద్యులు విలేకరులను పిలిచి ఘనంగా ప్రకటించారు. 2016 ఏప్రిల్‌లో ఆమె కన్నుమూశారు. ఆ సంగతి మాత్రం సెప్టెంబరు దాకా బయటికి రాలేదు. కుటుంబం ఏకాంతం కోరిందన్నారు. ఒప్పుకుందాం. మరి కుక్క కరిచి ముఖం కోల్పోయి, కొత్త ముఖంతో కెమెరాల ముందు కూర్చున్ననాడు ఆమె ఏకాంతం ఎవరికీ గుర్తురాలేదేం?

ఈ రంగంలో మొదటినుంచీ ఇదే వరస. కోత రోజు పండగ, ఆ తర్వాత రోగి ఖర్మ.

ఈ చికిత్స వల్ల తినగలిగినవారు, మాట్లాడగలిగినవారు, నలుగురిలోకి రాగలిగినవారు ఉన్నారు. కాదనడం లేదు. కానీ అమర్చిన ముఖాన్ని శరీరం తిరస్కరించకుండా బతికున్నంత కాలం రోగనిరోధక శక్తిని అణిచే మందులు మింగాలి. వాటితో ఇన్ఫెక్షన్లు, క్యాన్సర్లు, మూత్రపిండాల జబ్బుల ముప్పు పొంచి ఉంటుంది. మార్పిడి లేకపోతే చనిపోయే గుండె రోగి కాదు ఇక్కడ బల్లమీద ఉన్నది. బతకగల మనిషిని ప్రాణగండంలోకి తీసుకెళ్తున్నప్పుడు బాధ్యత రెట్టింపవ్వాలి. జరుగుతున్నది తద్విరుద్ధం.

ఎలుగుబంటి దాడిలో ముఖం ఛిద్రమైన లీ గువోషింగ్‌కు 2006లో చైనాలోని షియాన్‌లో ఆపరేషన్ చేశారు. యునాన్ కొండల్లోని సొంతూరికి వెళ్లాక ఆయన 2008లో మరణించారు. మందులు మానేసి మూలికలు వాడాడని సర్జనే చెప్పారు. పెద్దాసుపత్రికి అందనంత దూరాన ఉన్న పల్లెటూరి మనిషి మందులు ఎలా కొనసాగిస్తాడో కత్తి పట్టకముందే ఆలోచించాల్సింది ఎవరు?

డబ్బున్న అమెరికాలోనూ అంతే. గాయపడ్డ సైనికులకు పనికొస్తుందని 2009లో రక్షణశాఖ బోస్టన్‌లోని బ్రిగమ్ ఆసుపత్రికి 34 లక్షల డాలర్లు ఇచ్చింది. పరిశోధన నిధికి గడువుంటుంది, మందుబిళ్లల అవసరానికి ఉండదు. 2011లో అక్కడే, అమెరికాలో తొలి పూర్తి ముఖమార్పిడి పొందిన డాలస్ వీన్స్ మూత్రపిండాలు విఫలమై 2024లో చనిపోయారు.

అదే ఏడాది వెలువడ్డ ఒక అధ్యయనం 11 దేశాల్లోని 50 ముఖమార్పిళ్లను లెక్కగట్టింది. అయిదేళ్లు నిలిచినవి 85 శాతం, పదేళ్లు నిలిచినవి 74 శాతం. ఈపాటి లెక్క తేలడానికే రెండు దశాబ్దాలు పట్టింది!

జీవితాంతం మందుల ఖర్చు భరిస్తామని రాసివ్వని ఆసుపత్రికి ఈ ఆపరేషన్‌కు అనుమతి ఇవ్వరాదు. ప్రతి రోగి ఆరోగ్యస్థితిని, పేరు బయటపెట్టకుండానే, ఏటా ప్రకటించాలి. అయ్యా సర్జన్లూ, మరో కొత్త ముఖం ఫొటోతో విలేకరులను పిలిచేముందు పాత రోగుల్లో ఎందరు బతికున్నారో చెప్పండి. చెప్పలేకపోతే పిలవకండి.