ఫిర్యాదు తీరిందని చెప్పాల్సింది ఎవరు?

మా వీధి మలుపులో మ్యాన్‌హోల్ మూత రోడ్డు కంటే నాలుగు వేళ్లు కిందికి ఉంది. తారు మీద తారు పోస్తూ పోయారు, మూతను మాత్రం పైకి లేపలేదు. వాన నీళ్లు నిలిస్తే అక్కడ గుంత ఉందని కొత్తవాళ్లకు తెలియదు. మొన్నటి వానలో స్కూటీ మీద వస్తున్న ఒకావిడ అక్కడే పడిపోయింది, వెనక కూర్చున్న పిల్లాడి మోచేయి గీరుకుపోయింది. ఆ సాయంత్రమే ఫొటో తీసి ఫిర్యాదు పెట్టాను. మూడో రోజు మెసేజ్ వచ్చింది, ఫిర్యాదు పరిష్కారమైందని. వెళ్లి చూస్తే కిరాణా షాపాయన మూత అంచున వేపకొమ్మ ఇరికించి, దానికి ఎర్రగుడ్డ కట్టి ఉంచాడు. అంతకు మించి అక్కడ ఏమీ మారలేదు.

హైదరాబాద్‌లో ఫిర్యాదు చేయడానికి దారులకు కొదవ లేదు. యాప్ ఉంది, కాల్ సెంటర్ ఉంది, అధికారులు నేరుగా ఫిర్యాదులు తీసుకునే సోమవారం ప్రజావాణి ఉంది. 2023 జూన్‌లో వార్డు కార్యాలయాలు కూడా తెరిచారు. అసలు లోపం చివర్లో ఉంది. పని చేయాల్సినవాళ్లే పని అయిపోయిందని రాసేసుకుంటున్నారు. పరీక్ష రాసినవాడి చేతికే మార్కుల పుస్తకం ఇస్తే ఎవరు ఫెయిలవుతారు? మళ్లీ ఫిర్యాదు పెట్టుకోవచ్చు కదా అంటారు. పెడితే లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలవుతుంది.

ఇంజినీర్ల బాధ కూడా విన్నాను. ఒకే గుంత మీద పది ఫిర్యాదులొస్తాయి, వానలో తారు పని నిలవదు, ఫోన్ చేస్తే ఫిర్యాదుదారుడు ఎత్తడు. నిజమే. అలాంటప్పుడు వాన తగ్గాక చేస్తామని రాయాలి కానీ, చేసేశామని రాయకూడదు.

రోడ్డు నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీది, దాని కింద మురుగు లైను వాటర్ బోర్డుది, పక్కన స్తంభం కరెంటోళ్లది. ఒకరు తవ్విపోతే ఇంకొకరు పూడ్చాలి. మాది కాదు అన్న ఒక్క మాటతో ఫిర్యాదు మూతపడుతుంది. ఈలోగా ట్రాఫిక్ కానిస్టేబులే ఇటుక ముక్కలు తెచ్చి గుంతలో పోస్తాడు. రైల్వేలో రిటైరైన గంగాధర తిలక్ కట్నం గారు భార్యతో కలిసి ఏళ్ల తరబడి ఈ నగరంలో గుంతలు పూడ్చారు, అదీ పెన్షన్ డబ్బుతో. ఆ దంపతులకు చేతులెత్తి దండం పెట్టాలి. కానీ పన్ను కట్టించుకునే ఊళ్లో ఆ పని వయసు మళ్లినవాళ్ల మీద పడటం సిగ్గుచేటు.

అందుకే ఫిర్యాదును మూసే హక్కు అది పెట్టినవాళ్లకే ఇవ్వాలి. పని అయ్యాక ఓటీపీ వాళ్లకు రావాలి, వాళ్లు చెబితేనే మూయాలి. గ్యాస్ బండ ఇచ్చేటప్పుడు పనికొచ్చిన పద్ధతి గుంత దగ్గర ఎందుకు పనికిరాదు?

ఓటీపీ ఒక్కటే చాలదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ, 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని చెప్పింది. మా వార్డు కమిటీలో ఎవరున్నారని వీధిలో పదిమందిని అడిగాను, ఒక్కరూ చెప్పలేకపోయారు. నెలకోసారి కమిటీ కూర్చోవాలి. ఆ నెల మూసిన ఫిర్యాదులన్నీ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) అక్కడ పైకి చదవాలి, పెట్టినవాళ్లు ఎదురుగా ఉండాలి. మా మలుపు ఫిర్యాదు నంబరు నా ఫోన్‌లో అలాగే ఉంది. ఆ సమావేశం పెట్టిన రోజు ఆ షాపాయనను కూడా వెంటబెట్టుకుని వెళ్తాను.