లాముకి ఒక్కరోజు చాలదండీ

కెన్యాలోని లాము దీవిని ఒక్కరోజులో చుట్టేయొచ్చని కొందరు రాస్తుంటారు. అక్కడి షేలా బీచ్ వరకే అయితే సరే. కానీ 2001లో యునెస్కో గుర్తించింది బీచ్‌ని కాదు, పాత ఊరిని! పగడపు రాయి, మడచెట్ల దూలాలతో కట్టిన ఇళ్లు, నగిషీ చెక్కిన తలుపులు, గుమ్మానికి అటూ ఇటూ అరుగులు. కబుర్లన్నీ అక్కడే, మన పాత ఇళ్లలాగే. ఆ సందుల్లో కార్లు పట్టవు, సిమెంటు బస్తాలు కూడా గాడిదలే మోస్తాయి. వెనక నుంచి గాడిద వచ్చిందంటే గోడకి అతుక్కుపోవాల్సిందే.

విమానం దిగేది ఎదురుగా ఉన్న మాండా దీవిలో, అక్కణ్ణుంచి పడవ. షేలాకి ఊరి నుంచి 3 కిలోమీటర్లు, నడిచిపోవచ్చు. బీచ్‌లో మాత్రం నీడ దొరకదు, నీళ్ల బాటిల్ ఉండాలి. ఈత బట్టలతో ఊళ్లోకి వెళ్లకండి, సంప్రదాయ ముస్లిం పట్టణం అది.