తేదీ అడగని కాలం

నల్లగొండ క్లాక్ టవర్‌కు దగ్గర్లో ఒక మేడ మీద, యాభై ఎనిమిదేళ్ల వయసులో, సాయంత్రం పూట ఇంగ్లిషు వాక్యం కట్టడం నేర్చుకుంటున్నాను. అమెరికాలో ఉన్న మనవరాలితో మాట్లాడటానికని ఇంట్లో చెప్పాను. అసలు కారణం మా వీధిలోని గుంత. దాని సంగతి తరువాత.

మొదటి వారం పదాల వరుస. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లిషులో కర్త పక్కనే నిలబడాలి. ఇది చిన్న తేడా అని రాసినవారు మన పెళ్లి మాటలకు ఎప్పుడూ కూర్చోలేదు. 'మాకు కట్నం మీద ఆశ అసలు...' అని మొదలుపెట్టిన పెద్దమనిషి, పెరట్లో కొత్త ట్రాక్టరు కనబడగానే '...లేదని అనలేం' అని ముగించవచ్చు. వాక్యం సగంలో ఉండగా మనసు మార్చుకునే ఈ సౌకర్యం ఇంగ్లిషువాడికి లేదు. అవునో కాదో రెండో మాటకే దొరికిపోతాడు.

రెండో వారం ప్రెజెంట్ పర్ఫెక్ట్, అంటే 'ఐ హావ్ ఈటెన్' లాంటి క్రియారూపం. నిన్న తిన్నా, ఇప్పుడే తిని చెయ్యి కడుక్కున్నా మనకు 'తిన్నాను' ఒక్కటే. మా బడి రోజుల గైడులో మాత్రం 'నేను అన్నం తినియున్నాను' అని ఉండేది. మా అమ్మతో అలా అని ఉంటే నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూసేది.

ఇందులోని 'హావ్'కు అర్థం కలిగి ఉండటం. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిషులో అది నిజంగా ఆస్తి లెక్కే. 'రాసి ఉన్న ఉత్తరం నా దగ్గర ఉంది' వంటి వాక్యమే అరిగి అరిగి 'ఉత్తరం రాశాను' అయింది. అంటే పూర్తయిన వస్తువు చేతిలో ఉన్నవాడే ఆ మాట అనేవాడు. ఇప్పుడు వస్తువు అక్కర్లేదు, 'హావ్' ఉంటే చాలు.

అన్నిటికన్నా గొప్ప నియమం మరొకటి. ఈ కాలం పక్కన 'నిన్న', 'పోయిన సోమవారం' లాంటి మాటలు రాకూడదు. పని అయిందని చెప్పాలి, ఎప్పుడయిందో చెప్పకూడదు. వినగానే ఒళ్లు పులకరించింది. పరిపాలన కోసమే పుట్టిన కాలం ఇది! పాపం, నాగార్జునసాగర్ కట్టినవారు దీన్ని వాడుకోలేదు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు అని సాదా భూతకాలంలో తేదీలతో సహా దొరికిపోయారు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు శంకుస్థాపన 2015 జూన్‌లో జరిగింది. 'అప్పటి నుంచి ఇప్పటిదాకా' అని చెప్పే 'సిన్స్' వాడకానికి మా సారు కూడా ఇంతకన్నా మంచి ఉదాహరణ ఇవ్వలేకపోయారు.

ఇక గుంత. నా ఫిర్యాదుకు ఒక కార్యాలయం నుంచి ఇంగ్లిషులో జవాబు వచ్చింది: దాన్ని పూడ్చేందుకు తగిన చర్యలు తీసుకోబడినవని. తీసుకున్నది ఎవరో లేదు, ఎప్పుడో లేదు. ఎక్కడో ఒక తప్పు ఉండకపోతుందా అని కాగితం తరగతికి పట్టుకెళ్లాను. సారు రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశారు. కర్మణి ప్రయోగం, 'హావ్' వెనుక 'బీన్', ఎక్కడి మాట అక్కడే ఉందట. నమూనా వాక్యంగా బోర్డు మీద రాశారు, అందరం నోటుబుక్కుల్లో ఎక్కించుకున్నాం. చీకటి పడితే గుంత కనబడదు కనుక నేను కాస్త ముందే లేచాను.