గడ్డ తీసేశాక కూడా మెదడుకు నెత్తురు ఎందుకు అందదు?

బ్రెయిన్ స్ట్రోక్ వైద్యాన్ని 2015 మలుపు తిప్పింది. గజ్జ దగ్గర ధమనిలోంచి సన్నని గొట్టం పంపి, మెదడులోని పెద్ద రక్తనాళంలో ఇరుక్కున్న గడ్డను బయటికి లాగేసే థ్రాంబెక్టమీ మేలు చేస్తుందని ఆ ఏడాది ఐదు అధ్యయనాలు వరుసగా తేల్చాయి. వాటిలోని 1,287 మంది వివరాలను మరుసటి ఏడాది ఒకచోట చేర్చి చూశారు. మూడు నెలల తర్వాత తమ పనులు తాము చేసుకోగలిగినవారు ఈ చికిత్స అందినవారిలో 46 శాతం, అందనివారిలో 26.5 శాతం. మామూలు మెరుగుదల కాదది. అయినా చికిత్స అందినవారిలోనే సగానికి పైగా తమ పనులు తాము చేసుకునే స్థితికి చేరలేదన్న సంగతినీ అదే లెక్క చెబుతోంది. వారిలో చాలామందికి గడ్డ తొలగింది, నాళం తెరుచుకుంది.

దీనికి ఆలస్యమే కారణమని సాధారణంగా చెబుతారు. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు (మెదడులోని నాడీకణాలు) చనిపోతాయని 2006లో వేసిన అంచనా చూస్తే ఆ మాటను కాదనలేం. కానీ అదొక్కటే కారణమైతే త్వరగా ఆసుపత్రికి చేరినవారంతా కోలుకోవాలి కదా?

1968లో అమెరికా శాస్త్రవేత్త అడెల్బర్ట్ ఏమ్స్ బృందం కుందేళ్ల మెదడుకు రక్తం కొన్ని నిమిషాలు ఆపి, మళ్లీ వదిలి, నాళాల్లోకి నల్లటి రంగు ఎక్కించింది. రక్తం చేరిన చోటల్లా మెదడు నల్లబడాలి. కొన్ని భాగాలు పాలిపోయినట్టే ఉండిపోయాయి. తూము ఎత్తినా పిల్లకాలువలు పూడుకుపోతే చివరి మడికి నీరందని పరిస్థితే ఇది.

ఆ పూడికలో ప్రధాన పాత్రధారి పెరిసైట్ అనే కణం. కేశనాళికల (అతి సన్నని రక్తనాళాల) గోడను బయటినుంచి చేతులు చాచి పట్టుకున్నట్టు ఉండే ఈ కణాలను ఫ్రాన్స్‌కు చెందిన షార్ల్ రూజే 1873లోనే వర్ణించారు. కేశనాళికలో ఎర్రరక్తకణం ఒంగి, నలిగి దూరాల్సినంత చోటే ఉంటుంది. గోడ కాస్త బిగిసినా దారి మూతపడుతుంది. మూసిన ధమనిని తిరిగి తెరిచినా పెరిసైట్ల బిగువు సడలడం లేదని తుర్కియే పరిశోధకులు 2009లో చిట్టెలుకల్లో చూపారు. ఆక్సిజన్ అందని పెరిసైట్లు నాళాన్ని బిగించి పట్టుకున్న భంగిమలోనే చనిపోతాయని లండన్‌లో డేవిడ్ అట్‌వెల్ బృందం 2014లో ప్రకటించింది. చచ్చిన కణం పట్టు వదలదు, చిక్కంతా అక్కడే.

ఇక నాళం లోపలి గోడను పరిచినట్టు ఉండే ఎండోథీలియల్ కణాలు మెదడుకు అసలైన అండ. నాళాన్ని సడలించే పదార్థం ఏదో ఇవి విడుదల చేస్తాయని రాబర్ట్ ఫర్ష్‌గాట్ 1980లో కనిపెట్టారు. అది నైట్రిక్ ఆక్సైడ్ వాయువని తర్వాత తేలింది. ఈ పరిశోధనలకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వాయువును నాళాల్లో తయారుచేసే జన్యువును తొలగించిన చిట్టెలుకలకు స్ట్రోక్ వస్తే మెదడులో దెబ్బతిన్న ప్రాంతం మరింత పెద్దదైంది. న్యూరాన్లలో తయారుచేసే జన్యువును తొలగిస్తే మాత్రం నష్టం తగ్గింది. వాయువు ఒకటే అయినా, గోడలో పుడితే ప్రాణం నిలుపుతుంది, న్యూరాన్‌లో పుడితే ప్రాణం తీస్తుంది. గడ్డను కరిగించడానికి ఆసుపత్రిలో ఇచ్చే ఆల్టెప్లేజ్ ఇంజెక్షన్ కూడా ఈ గోడ కణాలు సహజంగా స్రవించే ఎంజైముకు మనిషి తయారుచేసిన రూపమే. ఎండోథీలియల్ కణాలను పెంచిన ద్రవాన్ని ప్రయోగశాలలోని న్యూరాన్ల మీద పోస్తే, ఆక్సిజన్ కరువైనా అవి తట్టుకుని నిలిచాయని, బీడీఎన్‌ఎఫ్ అనే పోషక ప్రొటీన్ అందుకు తోడ్పడిందని బోస్టన్ పరిశోధకులు 2008లో చెప్పారు.

వీటన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది 2010లో అమెరికాలో కార్లోస్ గ్రుట్జెండ్లర్ బృందం చూసిన దృశ్యం. చిట్టెలుకల మెదడు నాళికల్లో సూక్ష్మమైన గడ్డలు ఇరికించి, ఏం జరుగుతుందో సూక్ష్మదర్శినిలో గమనించారు. కొన్ని గడ్డలు వెంటనే కరిగో కొట్టుకుపోయో తొలగిపోయాయి. మొండికేసిన వాటి మీదికి గోడ కణాలు తమ పొరను సాగదీసి పూర్తిగా కప్పేశాయి. ఆ కొత్త పొరే గోడ అయింది. గడ్డ వెనుకనున్న పాత గోడ విచ్చుకుని దాన్ని నాళం బయటికి నెట్టేసింది. కొన్ని రోజుల్లో ఆ దారిన రక్తం మళ్లీ పారింది. ముసలి ఎలుకల్లో ఇదే పని బాగా నెమ్మదించింది.

అలాగని వీటిని కేవలం రక్షకులుగా కీర్తిస్తే సగం నిజమే చెప్పినట్టు. ఆక్సిజన్ కరువు మరీ ముదిరితే ఇదే గోడలోని అతుకులు విడిపోతాయి, మెదడు వాస్తుంది, నెత్తురు చిమ్ముతుంది. ఆల్టెప్లేజ్‌కు గుర్తింపు తెచ్చిన 1995 నాటి అధ్యయనంలో మందు తీసుకున్నవారిలో 6.4 శాతం మందికి మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావమైంది. మందు ఇవ్వనివారిలో అది 0.6 శాతమే.

ఇంతకాలం పరిశోధన మాత్రం న్యూరాన్ల చుట్టూనే తిరిగింది. స్ట్రోక్ కోసం ప్రయోగించిన చికిత్సలు 1,026 అని 2006లో ఒక సమీక్ష లెక్కతేల్చింది. జంతువుల్లో భేష్ అనిపించుకున్న న్యూరాన్ రక్షక మందులు మనుషుల దగ్గరికి వచ్చేసరికి చతికిలపడ్డాయి. రక్తమే చేరని చోటికి మందు ఎలా చేరుతుంది? వైఫల్యాలన్నిటికీ ఇదొక్కటే కారణం కాకపోవచ్చు గానీ, ఈ ప్రశ్న వేసుకోవడంలో ఆలస్యం జరిగిందన్నది నా అభిప్రాయం. గడ్డ తీసిన తర్వాత అదే ధమనిలోకి కొద్దిపాటి ఆల్టెప్లేజ్ ఎక్కించి చిన్న నాళాలను శుభ్రం చేయాలన్న ప్రయత్నం 2022లో స్పెయిన్‌లో మంచి ఫలితమిచ్చింది. మందు అందినవారిలో 59 శాతం, అందనివారిలో 40 శాతం చాలా బాగా కోలుకున్నారు. అయితే పాల్గొన్నది 121 మందే. తర్వాతి అధ్యయనాల్లో కొన్ని దాన్ని బలపరిచాయి, కొన్ని బలపరచలేదు.

మన దగ్గర ఈ చర్చ మరోచోట మొదలుకావాలి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, పెద్దల్లో 35.5 శాతానికి రక్తపోటు ఉందని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం తెలిపింది. ఈ రెండూ ఎండోథీలియల్ కణాలు నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే శక్తిని ఏళ్ల తరబడి హరిస్తాయి. బీపీ అదుపులోకి వచ్చింది కదా అని మాత్ర మానేసే అలవాటు మన ఇళ్లలో కొత్త కాదు. అలాంటి మనిషికి స్ట్రోక్ వచ్చేనాటికి గోడ ముందే చిక్కిపోయి ఉంటుంది. ఎంత నేర్పరి వైద్యుడు గడ్డ లాగినా ఆ లోటు పూడ్చలేడు. కొత్త యంత్రాలకు పెట్టే ఖర్చును నేను తప్పుపట్టను. కానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ మాత్రలు నెలనెలా తప్పకుండా దొరకడం కూడా స్ట్రోక్ చికిత్సలో భాగంగానే లెక్కకు రావాలి. అలాగే ఎన్ని గడ్డలు తీశామో ప్రకటనల్లో చెప్పుకునే ఆసుపత్రులు, ఆ రోగుల్లో ఎందరు మూడు నెలల తర్వాత తమ కాళ్ల మీద నడుస్తున్నారో కూడా ప్రకటించాలి.