అరవైమంది గల్లంతు, నిందితుడు ఒక్కడే

లూకస్ పోప్ అనే అమెరికన్ మీద ఇప్పటివరకు ఏ దేశంలోనూ కేసు నమోదు కాకపోవడాన్ని అంతర్జాతీయ న్యాయవ్యవస్థ వైఫల్యంగానే పరిగణించవలసి ఉంటుంది. పేరున్న గేమ్ సంస్థలో నికరమైన ఉద్యోగం చేసుకుంటున్న ఈ మనిషి దాన్ని వదిలేసి, జపాన్‌లో కాపురం పెట్టి, సరిహద్దు చెక్‌పోస్టులో పాస్‌పోర్టులు తనిఖీ చేసే గుమాస్తా కథను 2013లో గేముగా చేసి అమ్ముకుని, కనీసం అక్కడితోనైనా ఆగకుండా, ఆ తరువాత నాలుగేళ్లకు పైగా ఒంటరిగా కూర్చుని ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’ అనే అపరాధ పరిశోధన గేమును తయారుచేసి, 2018 అక్టోబరులో జనం మీదికి వదిలాడు. కథ ఆయనదే, బొమ్మలు ఆయనవే, ప్రోగ్రామింగ్ ఆయనదే, సంగీతమూ ఆయనదే. పాత్రల గొంతులు మాత్రం ఇతరుల చేత పలికించాడు. చచ్చేవాళ్లందరి తరఫునా తానే అరిస్తే ఇరుగుపొరుగువాళ్లు పోలీసులకు ఫోన్ చేస్తారన్న ఇంగితమైనా మిగిలినందుకు సంతోషించాలి.

నేరం తీవ్రత బోధపడాలంటే దీన్ని మన మాదాపూర్ కళ్లతో చూడాలి. ఈ పనినే క్రమశిక్షణ గల సంస్థ ఒకదానికి అప్పగించి ఉంటే, ఒక ప్రాజెక్టు మేనేజరు, ఆయన మీద ఒక డెలివరీ మేనేజరు, వాళ్లిద్దరికీ పడకపోతే మధ్యవర్తిత్వం నెరపడానికి ఒక స్క్రమ్ మాస్టరు, బెంచి మీద గోళ్లు గిల్లుకుంటున్న పదిమంది ఫ్రెషర్లు, క్లయింటుకు రోజూ సాయంత్రం మెయిలు పెట్టడమే వృత్తిగా గల ఒక సీనియరు, ఇన్ని సంసారాలు దాని నీడన బతికేవి. ఇన్ని ఫ్లాట్ల వాయిదాలు నెలనెలా కట్టుకునేవాళ్లు. అన్నీ తానే చేసేయడం వల్ల ఇవన్నీ గంగలో కలిశాయి. పొద్దున్నే లేచి నిలబడి, నిన్న ఏం చేశానో, ఇవాళ ఏం చేయబోతున్నానో, ఏది అడ్డొస్తున్నదో ఆయన తనకు తాను నివేదించుకున్నట్టు ఆధారాలేమీ లేవు. ఏడాది చివర తన పనితీరుకు తానే రేటింగ్ ఇచ్చుకుని, తనమీద తానే అలిగి, వేరే కంపెనీ నుంచి ఆఫర్ తెచ్చుకుని తనను తానే బెదిరించినట్టు కూడా లేదు.

ఆ నాలుగేళ్లలో ఆయన వెలగబెట్టిన పనుల్లో ఒక్కదాన్ని దగ్గరగా పరిశీలిస్తే ఏ మేనేజరుకైనా గుండె ఆగుతుంది. ఈ గేము మొత్తం రెండే రంగులు: పాతకాలపు మాకింతోష్ తెరల మాదిరి ఒక చీకటి, ఒక వెలుగు. మధ్య ఛాయలు కావాలంటే చుక్కలను దగ్గరగానో దూరంగానో పేర్చి కంటిని మోసగించాలి. మన వార్తాపత్రికల్లో ఫోటోలు అచ్చయ్యేదీ చుక్కలతోనే కాబట్టి అంతవరకు క్షమించవచ్చు. అయితే కదలని ఫోటో వేరు, కదిలే దృశ్యం వేరు. ఆడేవాడు తల అటూ ఇటూ తిప్పినప్పుడు చుక్కలు తెరకు అతుక్కుని నిలబడిపోతాయి, వాటి కింద ఓడేమో జారిపోతుంటుంది. తెర నిండా ఇలా జరిగితే కళ్లు లాగేస్తాయి. దీనికాయన కనిపెట్టిన విరుగుడు ఏమిటంటే, చూసేవాడి తల చుట్టూ ఒక గోళం ఉన్నట్టు ఊహించుకుని, చుక్కలను ఆ గోళం లోపలి గోడకు అంటించి, తల తిరిగినప్పుడు అవి కూడా దృశ్యంతోపాటే తిరిగేటట్టు చేయడం. ఇందుకు వంద గంటల దాకా పట్టిందని ఆయనే ఒప్పుకున్నాడు. అంత శ్రమకు ఫలితం? ఎవరికీ ఏమీ కనిపించకపోవడం! కళ్లు లాగలేదని ఏ ఆటగాడైనా కృతజ్ఞతలు చెబుతాడా? ఈ వంద గంటలను టైంషీటులో ఏ కోడు కింద చూపించాలో హైదరాబాదు నగరంలో ఏ ఒక్కరైనా చెప్పగలిగితే నేను ఈ వ్యాసం ఉపసంహరించుకుంటాను.

ఇక కథ విషయానికి వస్తే, అందులోని చరిత్ర వక్రీకరణ గురించి తెలుగువాడిగా మౌనం వహించలేను. 1802లో లండన్ నుంచి బయలుదేరి గల్లంతైన ఓడ ఒకటి 1807లో ఇంగ్లండులోని ఫాల్మత్ రేవుకు ఒంటరిగా తేలి వస్తుంది. ఎక్కినవాళ్లు అరవైమంది, వాళ్లలో భారతదేశపు నావికులూ ఉన్నారు. ఈస్టిండియా కంపెనీ తరఫున బీమా అధికారి ఒకరు ఆ ఓడ ఎక్కి, ఒక్కొక్కరి పేరేమిటో, ఎలా పోయారో, ఎవరి చేతిలో పోయారో పుస్తకంలో నమోదు చేయాలి. చేతిలో ఉన్నది ఒక మాయ గడియారం. అది శవం దగ్గర తెరిస్తే చచ్చేముందరి మాటలు వినిపించి, ప్రాణం పోయిన ఆ ఒక్క క్షణాన్నే, అదీ శిలాప్రతిమల్లా, చూపిస్తుంది. 1611లో మచిలీపట్నంలో కొట్టు తెరిచింది మొదలు కుంఫిణీ వారు మనకు బాగా తెలిసినవారు. బట్ట నేత ఎంత చిక్కన, తాను పొడవు ఎంత అని ఆరా తీసిన దొరలను మనం ఎరుగుదుం గానీ, ఓడలో గుడ్డ ఉయ్యాలలో పడుకున్న మామూలు నావికుడు ఎందుకు పోయాడని ఇంత శ్రద్ధగా అడిగిన దొరను ఎరగం. అయితే ఇదంతా బీమా లెక్క తేల్చడానికేననీ, చివరికి పోయినవాళ్ల వారసుల్లో కొందరికి పరిహారం ముడుతుండగా మరికొందరి దగ్గర జరిమానా వసూలవుతుందనీ తెలిశాక మాత్రం కుంఫిణీ పాత్రచిత్రణ సహజంగానే ఉందని ఒప్పుకోక తప్పదు.

నా అసలు అభ్యంతరం మరొకటి. ఈ గేములో ఊహించి నెగ్గడం కుదరదు. ఒక్కరి పేరు సరిగ్గా రాసినంత మాత్రాన పుస్తకం తలూపదు. ముగ్గురి పేర్లు, ముగ్గురి చావు వివరాలు పూర్తిగా సరిపోయినప్పుడే ఆ మూడింటినీ ఖాయం చేస్తుంది. ఒక్కొక్కటిగా ఒప్పుకుని ఉంటే, ఒకే బొమ్మ కింద అరవై పేర్లూ వరసగా పెట్టి చూసి మధ్యాహ్నం భోజనం వేళకు కేసు ముగించవచ్చు. మూడింటిని కలిపి అడిగేసరికి, చావు కారణాల జోలికి పోకుండా వట్టి పేర్లకే లెక్కవేసినా రెండు లక్షల అయిదు వేల మూడు వందల ఇరవై రకాలు తేలుతున్నాయి. ఆ దారి మూసేసి, పోప్ ఉయ్యాల మీది అంకెను సిబ్బంది జాబితాలోని అంకెతో సరిచూడమంటాడు. దుప్పటి లోంచి బయటికి వచ్చిన పాదాలకు ఎవరి జోళ్లున్నాయో గమనించమంటాడు. చచ్చేముందు పలికిన ముక్క ఏ దేశపు యాసో చెవి పెట్టి వినమంటాడు.

ఇది ఎవరిని అవమానించడం? నూట అరవై బిట్లు, బిట్టుకు నాలుగు జవాబులు, తప్పుకు కోత లేని ఎంసెట్‌లో, చివరి పది నిమిషాలు మిగిలిన బిట్లన్నిటికీ ఒకే జవాబు నొక్కుతూ పోయి ఇంజనీర్లయిన తరాలను కాదా? ఏమీ చదవకపోయినా నలభై దాకా రాలతాయన్న గణితశాస్త్ర సత్యం మీద ఎన్ని కళాశాలలు నిలబడి ఉన్నాయో ఆయనకు తెలుసా? ఏ దారుణం జరిగినా ఆ సాయంత్రం టీవీ చర్చలోనే నేరస్థుణ్ణి తేల్చి, ప్రకటనల విరామం లోపల శిక్ష కూడా ఖరారు చేయగల సమాజానికి జోళ్లు చూడమని చెప్పడం ఎంత ధైర్యం! ఇంతటి మనిషిని 2019లో స్వతంత్ర గేముల ఉత్సవంలో ప్రధాన బహుమతితోనూ, బ్రిటన్‌లో రెండు బాఫ్టా అవార్డులతోనూ సత్కరించారంటే పాశ్చాత్య సమాజం ఎటు పోతున్నదో ఆలోచించుకోవాలి.

తయారీని ఆయన గుట్టుగా ఉంచుకుని ఉంటే కొంత నయంగా ఉండేది. 2014లోనే గేములోని ఒక ముక్కను ఊరికే ఆడుకోమని ఇచ్చేశాడు. పై చుక్కల గొడవతో సహా, ఎక్కడ తట్టుకున్నాడో ఎలా లేచాడో బొమ్మలతో వివరించి అందరి ముందూ పెట్టాడు. పునాది తీసిన రోజే స్థలంలో దిష్టిబొమ్మ నిలబెట్టే మనకు ఇది ఆత్మహత్యాసదృశంగా తోస్తుంది. చెప్పదలచుకుంటే మన సినిమావాళ్ల పద్ధతి ఉండనే ఉంది: ముందు టైటిల్, తరువాత ఫస్ట్ లుక్, ఆపైన గ్లింప్స్, సంక్రాంతికి విడుదల అని పోస్టరు, వీలు చిక్కినప్పుడు సెకండాఫ్ కథ. పని ముందు చూపించి, తేదీ చివర చెప్పడం ఏ శాస్త్రంలో ఉంది?

పరిశోధన గేములు చేసేవాళ్లకు ఈ పంచుకోవడంలో ఇంకో శాపం ఉందని న్యాయంగా చెప్పాలి. హంతకుడెవరో తయారుచేసినవాడికి ముందే తెలుసు కనుక, ఆధారం మరీ తేటగా ఉందో మరీ మరుగున ఉందో వాడికి ఈ జన్మలో తెలియదు. తన గేమును ఆడలేనివాడు లోకంలో వాడొక్కడే. అందుకని తెలియనివాణ్ణి కూర్చోబెట్టి ఆడించాలి. ఆ తెలియనివాడు ఒక్కసారికే పనికొస్తాడు, అగ్గిపుల్లలాగా. ఒక ఆధారం మార్చినప్పుడల్లా ఒక కొత్త మనిషి కావాలి. మొదట ఇంట్లోవాళ్లు అయిపోతారు, తరువాత స్నేహితులు, ఆ తరువాత స్నేహితులు కానివాళ్లు. పైగా గేము గురించి నలుగురికీ చెప్పుకోవాలి, గేములో ఏముందో మాత్రం చెప్పకూడదు. అద్దె నవలల దుకాణాలు వెలిగిన రోజుల్లో, ఇరవయ్యో పేజీలో ఒక పేరు కింద గీత గీసి ‘వీడే’ అని పెన్నుతో రాసి పుణ్యం కట్టుకున్న పాఠకుల వారసులం మనం. మన మధ్య రహస్యం ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇంత చెప్పినా ఏ నిజాంపేటలోనో ఏ గుంటూరులోనో ఒక కుర్రాడు తెలుగులో ఇలాంటి గేము చేస్తానని బయలుదేరడం ఖాయం కనుక, వాడికి నాలుగు ముక్కలు. చాలా గేమ్ ఇంజిన్లలో, అంటే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో, తెలుగు అక్షరాలు పెడితే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి; అనుమానితురాలి పేరు స్రవంతి అయితే తెర మీద ఆమె శవపరీక్ష ముందే పూర్తవుతుంది. 2023లో వచ్చిన గోడో 4 అనే ఇంజిన్‌తో ఈ బాధ చాలావరకు తీరిందంటారు గనుక, ఈ సాకు ఇక చెల్లదు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో పెట్టాలంటే గేముకు వంద డాలర్లు కట్టాలి. వెయ్యి డాలర్ల అమ్మకం దాటితే అది తిరిగి వస్తుంది, అమ్మినదానిలో ముప్ఫై శాతం మాత్రం వాళ్లదే. కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే, కొన్నవాడికి డబ్బు వాపసు. గంటన్నరలో ముగిసే గేము చేశావో, హంతకుణ్ణి పట్టుకున్న ప్రతివాడికీ నీ సొమ్ముతో రివార్డు ఇచ్చినట్టే లెక్క. ఏడాది పట్టి రెండు గంటల అయిదు నిమిషాలకు సాగదియ్యి.

గేము సిద్ధమయ్యాక బంధువులకు పంపకుండా ఉండలేవు. మేనమామ పదిహేను నిమిషాలు ఆడి, మీసాలున్నవాడే చంపాడని తేల్చేసి, నీకే ఫోన్ చేసి, ‘ఇంతకీ ఎవర్రా? నాకు టైము లేదు, చెప్పేయ్. ప్యాకేజీ ఎంత ఇస్తారు దీనికి?’ అని అడుగుతాడు. ఆధారాలు చూడమని, ఉయ్యాల మీది అంకె చూడమని ఆయనతో వాదనకు దిగవద్దు. హంతకుడి పేరు వెంటనే చెప్పేసి, ప్యాకేజీ మాత్రం ఊహకు వదిలెయ్యి; పెళ్లి సంబంధాలు చూసేది ఆయనే.