ఇంటిపేరంటే ఊరి పేరేనా?
తెలుగువాళ్ల ఇంటిపేర్లన్నీ పూర్వీకుల ఊరి పేర్లేనని నేను చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. చాలావరకు నిజమే గానీ ‘అన్నీ’ అనడం మరీ ఎక్కువ. మా గుంటూరు వైపు వేమూరు నుంచి వేమూరి, నంబూరు నుంచి నంబూరి వచ్చాయి, ఒప్పుకుంటా. ఇందులో గమ్మత్తేంటంటే, ఊళ్లో ఉన్నంతకాలం అందరూ ఆ ఊరివాళ్లే కాబట్టి ఆ గుర్తుతో పనిలేదు, పొలిమేర దాటాకే దాని అవసరం. బెజవాడ గోపాలరెడ్డి గారు పుట్టింది బెజవాడలో కాదు, నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెంలో. 1921లో చీరాల-పేరాల ఉద్యమం నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారిది తెనాలి దగ్గరి దుగ్గిరాల కాదు, ఆయన పుట్టింది పెనుగంచిప్రోలులో. ఇక్కడిదాకా వ్యాసంతో పేచీ లేదు. మరి గుర్రం, మిరియాల, ఉప్పు, కరణం వాళ్ల సంగతేంటి? కరణం అంటే ఒకప్పుడు ఊరి లెక్కలు రాసే ఉద్యోగమాయె. జాషువా గారి ఇంటిపేరు గుర్రాన్ని ఏ ఊరి ఖాతాలో వేస్తారు? పోనీ ఊరి పేరే అనుకున్నా అది ఏ ఊరో తేలడం కష్టం. దుగ్గిరాల మండలంలో కంఠంరాజు కొండూరు ఉంది, విజయవాడ అవతల జి.కొండూరు ఉంది. కొండూరి వాళ్లని ఎటు పంపుతారు? మా ఇళ్లల్లో సంబంధం మాట్లాడేటప్పుడు పెద్దవాళ్లు ఇంటిపేరు అడిగి ఊరుకోరు, వెంటనే “అసలు మీది ఏ ఊరండీ?” అంటారు. ఇంటిపేరులోనే ఊరు తెలిసిపోతే ఆ రెండో ప్రశ్న ఎందుకు అడుగుతారు?